తారు పడని దారులు

ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ మధ్య ఉన్న కియాంతీ కొండల్లో సైకిలు తొక్కడానికి ఏటా వేల మంది ఇటలీ వెళ్తారు. వాళ్లలో చాలామంది తారు రోడ్డు వదిలి పక్కకు తిరిగేదాకా ఆగలేరు. ద్రాక్షతోటల మధ్య మెలికలు తిరుగుతూ ఎక్కి దిగే తెల్లని కంకర దారుల కోసమే అంతదూరం వచ్చారు మరి. ‘స్ట్రాదే బియాంకే’ అని వాటికి పేరు. లోకమంతా పేరుమోసిన వైన్ పండే చోట, యూరప్‌లోని సంపన్న దేశాల్లో ఒకటైన ఇటలీలో, ఇన్ని దారులు ఇంతకాలం తారు పడకుండా ఎలా మిగిలాయి? ఆ దారుల వెంట బతికిన రైతు కుటుంబాలు ఊళ్లు వదిలి వెళ్లిపోవడమే దీనికి పెద్ద కారణం.

ఆ తెలుపు నేలనుంచి వచ్చింది. కియాంతీలో అల్బరేజె అనే సున్నపురాయి దొరుకుతుంది, పలకలు పలకలుగా చిట్లిపోయే గలెస్త్రో దొరుకుతుంది. తవ్వితే వచ్చేది అదే, దారి మీద పరిచేదీ అదే. ఈ కొండలున్న టస్కనీ ప్రాంతానికి పేరు తెచ్చిన కియానీనా జాతి తెల్ల ఎడ్లు బండ్లు లాగుతూ నడిచిన దారులివి. పొలాల మధ్య ఇళ్లు గట్ల మీదే ఉంటాయి కాబట్టి దారి కూడా ఎక్కువ మలుపులు వెతుక్కోకుండా కొండెక్కేస్తుంది. ఇక్కడి ద్రాక్షతోటలు చాలావరకు సముద్రమట్టానికి 250 నుంచి 600 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఆల్ప్స్ కనుమల ముందు ఇది లెక్కలోకి రాదు. కానీ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం రోజంతా సాగుతుంది. పిక్కలకు విశ్రాంతి ఉండదు.

ఈ వైన్ ప్రాంతానికి హద్దులు గీసిన ఏడాది 1716. టస్కనీని ఏలిన మూడో కోసిమో ఒక శాసనం చేసి, కియాంతీ పేరుతో వైన్ ఏయే ఊళ్ల నుంచి రావాలో తేల్చాడు. వైన్ పండే ప్రాంతానికి చట్టప్రకారం ఎల్లలు పెట్టడం ప్రపంచంలోనే చాలా తొలినాటి ప్రయత్నం అది. తర్వాత బ్రోలియో కోట యజమాని బెత్తీనో రికాసోలి వచ్చాడు. 1861లో తొలి ప్రధాని కావూర్ చనిపోయాక ఇటలీ ప్రధాని అయిన మనిషి; మొండితనానికి ‘ఉక్కు బారన్’ అనిపించుకున్నాడు. 1872లో పీసా ప్రొఫెసర్ ఒకరికి రాసిన ఉత్తరంలో కియాంతీ వైన్ ఎలా కలపాలో చెప్పాడు. సువాసనకూ బలానికీ సాంజొవేజె, దాని కరుకుదనం తగ్గించడానికి కనాయోలో, ఎక్కువకాలం నిలవ పెట్టకుండా తాగే వైన్‌కైతే కొంచెం మల్వాజియా. బ్రోలియో చూడబోయిన ప్రతివాళ్లకూ ఈ ఉత్తరం సంగతి చెబుతారు.

ఆ ద్రాక్ష కోసినవాళ్ల కథ మాత్రం అంత తేలిగ్గా వినబడదు. మధ్యయుగాల నుంచి టస్కనీ వ్యవసాయం ‘మెద్జాద్రియా’ మీద నడిచింది. మన సగపాలు కౌలు లాంటి ఏర్పాటే. భూమీ ఇల్లూ దొరవి, చాకిరీ రైతుది, పంట చెరిసగం. ఇరవై ముప్ఫై ఎకరాల చెక్కకు ఒక ఇల్లు, ఆ ఇంట్లో మూడు తరాల ఉమ్మడి కుటుంబం. కింద ఎడ్లకొట్టం, పైన మనుషులు. పశువుల ఒంటి వేడే చలికాలంలో పై గదులకు ఆసరా. ఇంటి పెద్దమగాడు పొలం చూసుకునేవాడు, పెద్దావిడ వంటా కోళ్లూ చూసుకునేది, ఎస్టేటు మేనేజరు లెక్కల పుస్తకం పట్టుకుని పైనుంచి అందరినీ చూసేవాడు.

ఈనాడు యాత్రికులు ఫొటోలు తీసుకునే తోట కూడా అప్పటిది కాదు. గీత గీసినట్టు నిలువుగా సాగే ద్రాక్ష వరసలు ఎక్కువగా 1960ల తర్వాత వచ్చినవి. అంతకుముందు ద్రాక్షతీగను మేపుల్ చెట్ల మీదికి పాకించేవారు. వరసల మధ్య గోధుమ వేసేవారు, పక్కనే ఆలివ్ చెట్లు. సగం పంటతో ఇల్లంతా గడవాలంటే ఒకే నేల తిండీ నూనే వైనూ అన్నీ ఇవ్వాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ జీవితం కూలిపోయింది. ఫ్యాక్టరీ జీతం, కరెంటు, కుళాయి నీళ్లు కుర్రవాళ్లను పట్నాలకు పిలిచాయి. 1956 ఫిబ్రవరిలో విరుచుకుపడ్డ మంచు ఆలివ్ చెట్లను చంపేసింది. ఇంకా తటపటాయిస్తున్న కుటుంబాలు కూడా మూటాముల్లె సర్దుకున్నాయి. 1964 చట్టం కొత్త మెద్జాద్రియా ఒప్పందాలను నిషేధించింది. మిగిలిన వాటిని మామూలు కౌలుగా మార్చే చట్టం 1982లో వచ్చింది. అప్పటికే కొండల మీద వందల ఇళ్లు తలుపులు వేసి ఉన్నాయి. ఎవరూ లేని ఇంటికి తారు రోడ్డు ఎందుకు?

ఆ దారులున్న టస్కనీకి సైకిలు కొత్తకాదు. 1870 ఫిబ్రవరి 2న ఫ్లోరెన్స్ నుంచి పిస్తోయాకు సైకిలు పందెం జరిగింది. ఇటలీలో రోడ్డు పందేలకు అదే నాంది. 1894లో మిలాన్‌లో 57 మంది సైకిలిస్టులు కలిసి యాత్రికుల క్లబ్బు పెట్టారు. ఆ క్లబ్బే తర్వాత టూరింగ్ క్లబ్ ఇతాలియానోగా మారి దేశమంతటా దారి బోర్డులు నాటింది, మ్యాపులు అచ్చేసింది. ఇటాలియన్లకు సొంత దేశాన్ని చూపించిన సంస్థల్లో దానిది ముందు వరస. అది పుట్టింది సైకిలు సీటు మీద.

ఫ్లోరెన్స్ పక్కన పోంతె ఆ ఎమాలో 1914లో పుట్టిన జీనో బార్తాలి 1938లో, మళ్లీ పదేళ్లకు 1948లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఆ మధ్యకాలంలో చేసిన పని అంతకన్నా పెద్దది. జర్మన్ ఆక్రమణలో ఉన్న ఇటలీలో, ప్రాక్టీసు చేస్తున్నట్టు కనబడుతూ, యూదులను కాపాడే దొంగ గుర్తింపు పత్రాలను సైకిలు ఫ్రేము గొట్టంలో దాచి ఫ్లోరెన్స్‌కూ అస్సీసికీ మధ్య తిరిగాడు. బతికున్నన్నాళ్లూ దాని గురించి గొప్పలు చెప్పుకోలేదు. 2013లో యూదుల నరమేధాన్ని స్మరించే ఇజ్రాయెల్ సంస్థ యాద్ వాషెం ఆయనకు తన అత్యున్నత గౌరవం ఇచ్చింది.

1990లకు వచ్చేసరికి కథ మారింది. పాడుబడ్డ ఇళ్లను విదేశీయులు, పట్నవాసులు కొని బాగు చేసుకున్నారు. వైన్ ధర పెరిగింది. ఇక తారు కూడా వచ్చేస్తుందనిపించింది. గయోలె ఇన్ కియాంతీ అనే ఊళ్లో జాన్‌కార్లో బ్రొచ్చి అనే సైకిలు అభిమాని దీనికి అడ్డం నిలబడ్డాడు. 1997లో ‘ఎరోయికా’ మొదలుపెట్టాడు. తొలి ఏడు వచ్చింది 92 మంది. గెలుపోటములు లేని యాత్ర అది. పెద్ద మార్గం 209 కిలోమీటర్లు, అందులో సగానికి పైగా తెల్ల దారులే. జనం ఆ దారుల మీద తిరుగుతూ ఉంటే వాటిని చెరిపేసే ధైర్యం ఎవరికీ ఉండదన్నది ఆలోచన. అది పనిచేసింది.

ఎరోయికాకు తెచ్చే సైకిలు సాధారణంగా 1987కు ముందు తయారైన రేసింగ్ సైకిలై ఉంటుంది. గేరు లివర్లు ఫ్రేము కింది గొట్టం మీద ఉంటాయి. ఏటవాలు ఎక్కేటప్పుడు గేరు మార్చాలంటే ఒక చెయ్యి హ్యాండిల్ వదిలి, వంగి, మోకాళ్ల దగ్గర లివర్ తిప్పాలి. ముందుచక్రం కంకరలో జారేది సరిగ్గా అప్పుడే. పాదాన్ని పెడలుకు కట్టి ఉంచే తోలు పట్టీ వదులు చేసుకోకుండా ఆగితే మనిషి పక్కకు ఒరిగిపోతాడు. బ్రేకు వైర్లు హ్యాండిల్ పైన బయటికి వంపు తిరిగి కనబడాలి. విడి ట్యూబు టైర్లను కొందరు భుజాల మీద అడ్డంగా చుట్టుకుంటారు. తెల్లవారకముందే బయలుదేరినవాళ్లు బ్రోలియో ఎక్కుడు దగ్గర సైప్రస్ చెట్ల మధ్య, దారి పక్కన పెట్టిన దీపాల వెలుగులో తొక్కుతారు. మధ్యలో మజిలీల్లో ఎండు రొట్టె, చిక్కుళ్లు, నల్ల క్యాబేజీతో కాచిన రిబొల్లీత పెడతారు. ఎర్ర వైన్‌లో తడిపి చక్కెర చల్లిన రొట్టె ముక్కలు పెడతారు. రెండూ పేదింటి తిండే.

2007లో ఇదే దారుల మీద వృత్తి సైకిలిస్టుల పందెం మొదలైంది. తొలి విజేత రష్యన్ కొలోబ్నేవ్. ఇప్పుడది స్ట్రాదే బియాంకే పేరుతో ఏటా మార్చిలో జరుగుతుంది, సియెనాలోని పియాజా దెల్ కాంపోలో ముగుస్తుంది. మూడుసార్లు గెలిచిన ఫాబియన్ కాంచెల్లారా పేరు ఒక కంకర దారికి పెట్టారు. 2010 జీరో ద’ఇతాలియా పందెంలో మొంతల్చీనో ఊరు చేరే రోజున వాన కురిసి తెల్లదుమ్మంతా బురదైంది. గెలిచిన కాడెల్ ఎవాన్స్ ఒంటి మీది ప్రపంచ చాంపియన్ జెర్సీ రంగులు కూడా కనబడలేదు.

ఎరోయికా మార్గానికి ఇప్పుడు శాశ్వత బోర్డులున్నాయి. ఏ నెలలోనైనా ఎవరైనా వెళ్లి తొక్కవచ్చు. రాత్రికి ఆగేది చాలావరకు అగ్రితూరిజ్మో అనే రైతు విడిదిలో, 1985 చట్టం దారి చూపిన పద్ధతిలో. ఆ ఇళ్లలో చాలా భాగం ఒకప్పటి సగపాలు కౌలు ఇళ్లే. అక్కడ కోటల చరిత్రా వైన్ జాతకమూ చెప్పేవాళ్లకు కొదవ లేదు. మెద్జాద్రియా ఇళ్లలో పుట్టిపెరిగిన ముసలివాళ్లు కూడా ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు. సైకిలు గోడకు ఆనించి వాళ్ల పక్కన కాసేపు కూర్చోవడానికి కొండ ఎక్కక్కర్లేదు. తీగను ఏ చెట్టు మీదికి పాకించేవారు, లెక్కల పుస్తకం రోజున ఇంట్లో ఏం మాట్లాడుకునేవారు, ఇల్లు వదిలిన ఏడాది ఎడ్లను ఎవరికి అమ్మారు అని అడగాలి.