విజయనగరము మహారాజావారి ఉన్నత పాఠశాల

మదరాసు విశ్వవిద్యాలయము అవతరించిన 1857వ సంవత్సరముననే పూసపాటి విజయరామ గజపతి మహారాజుగారు తమ రాజధానియగు విజయనగరమునందు ఆంగ్లవిద్య గరపు పాఠశాలను నెలకొల్పిరి. పండితులకును, గాయకులకును, మల్లులకును నెలవై యొప్పుచుండిన ఆ సంస్థానమున, అగ్రహారముల బాలురు తాటాకు గ్రంథములను ప్రక్కనుంచి గణితమును, భూగోళమును, ఇంగ్లీషును అభ్యసింపవచ్చుట ఆ కాలమువారికి సామాన్యమగు మార్పు గాదు. పట్నమున బిడ్డను చదివించుటకగు వ్యయమును తలచి అగ్రహారీకులు పడిన ఆవేదనయు, ఆ చదువువలన రాబోవు ఉద్యోగముపై వారు పెంచుకొనిన ఆశయు ఎట్టివో తెలియగోరువారు ‘కన్యాశుల్కము’ నాటకమునందలి అగ్నిహోత్రావధానులను, పట్నమునుండి సెలవులకు ఇల్లుచేరిన వెంకటేశమును స్మరించిన చాలును.

1879లో ఈ పాఠశాల మీద కళాశాల వెలసినది. విజయరామ గజపతివారు ఆ యేటనే పరమపదించిరి. వారి కుమారులు ఆనంద గజపతివారు తండ్రి నాటిన మొక్కను తమ పాలనమున పెంచిరి. అయితే, నాటినుండియు కళాశాల కీర్తి పాఠశాల పేరును కప్పివేయుచునే వచ్చినది. ఈ విద్యాలయమునకు వన్నె తెచ్చిన మహనీయులను ఎల్లరును కళాశాలవారినిగనే చెప్పుకొందురు గాని, వారిని తీర్చిదిద్దినది క్రింది తరగతుల బల్లలేయని నా దృఢవిశ్వాసము. ఇందులకు నాకు ఇరువురు బాలకులు సాక్షులు.

ఒకరు శ్రీముఖలింగ ప్రాంతమునుండి వచ్చిన గిడుగు వేంకట రామమూర్తిగారు. చిన్ననాటనే పితృవియోగము పొంది, విజయనగరమున బంధువుల యింట నుండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషను నందు ఉత్తీర్ణులైరి. రెండవవారు గురజాడ వేంకట అప్పారావుగారు. వీరికిని బాల్యముననే తండ్రి నీడ తొలగిపోయినది. అట్టి దినములలో విద్యాలయాధ్యక్షులగు చంద్రశేఖరశాస్త్రిగారు ఆ బాలుని ఆదరించి, భోజనవసతులు కల్పించి చదువు సాగనిచ్చిరి. అధ్యక్షపదవికి చెందిన విధులలో ఇది లేదు. ఏ ప్రభుత్వపు నిబంధనయు దీనిని కోరలేదు. అన్నము పెట్టి అక్షరము నేర్పుట మన గురుకులముల ధర్మము. గంటలును, హాజరు పట్టీలును, పరీక్షలును గల క్రొత్త బడిలోనికి ఆ ధర్మమును చెక్కుచెదరనీయక తెచ్చినవారు చంద్రశేఖరశాస్త్రిగారు. ఈ విద్యాలయ సంప్రదాయములలో దీనికి మించినదానిని నేనెరుగను.

అప్పారావుగారు 1882లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటి యేట ‘సారంగధర’ కథను ఇంగ్లీషున కావ్యముగ రచించిరి. 1884లో నెలకు 25 రూపాయల జీతముపై, తాము చదివిన బడిలోనే ఉపాధ్యాయులైరి. రామమూర్తిగారు అంతకు ముందే 1880లో పర్లాకిమిడి చేరి, అచటి పాఠశాలలో బోధకులై, శాసనములు చదువ నేర్చి, ఆ ప్రాంతపు కొండలలోని సవరల భాషను వారినుండియే అభ్యసించి, దానికి నిఘంటు వ్యాకరణములను సమకూర్చిరి. బడి ముఖమెరుగని జనుల భాష సైతము వ్యాకరణమునకు తగినదేయని చూపిన ఆ పరిశ్రమ దశాబ్దములది.

ఈ సహాధ్యాయులు ఇరువురును ఉపాధ్యాయులగుటచేతనే, తరగతి గదిలో పిల్లవాడు తన నోటిమాటను విడిచి వేరొక తెలుగును వ్రాయుటకై పడు శ్రమను కన్నులార చూచిరి. 1906వ సంవత్సరప్రాంతమున పాఠశాలల తనిఖీ అధికారియగు యేట్సు దొర తెలుగునందలి వ్రాతకును, వాడుకకును గల యెడమునుగూర్చి ప్రశ్నింపగా, ఆ ప్రశ్నకు సమాధానమును వెదకుటయే రామమూర్తిగారికి జీవితవ్రతమైనది. వాడుక తెలుగును వ్రాతయందును అంగీకరింపవలెనని వాదించుచు, అప్పారావుగారు 1914లో మదరాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. మరుసటి సంవత్సరమే ఆయన కీర్తిశేషులైనను, రామమూర్తిగారు 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను స్థాపించి ఆ వాదమును నిలిపిరి. పెద్దలు నేర్పిన గ్రాంథికమునందు మక్కువ వదలక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్న నేను, ఆ వాదమునందలి న్యాయమును అంగీకరింపకుండ లేను. తెలుగుదేశమున పిల్లలు నేడు తమకు తెలిసిన తెలుగులో పరీక్ష వ్రాయుచున్నారనిన, ఆ మేలునకు మూలము ఈ బడి బల్లలపై పెరిగిన స్నేహమే.

సోదరసంస్థల ప్రసక్తి క్లుప్తముగ ముగింతును. 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అందు వాయులీనమును బోధించిరి. 1958లో పూసపాటి రాజవంశీయులగు పి. వి. జి. రాజుగారు మాన్సాస్ ధర్మసంస్థను నెలకొల్పి తమ కోటను సైతము విద్యకే అర్పించిరి.

ఈ పాఠశాల యుత్సవసందర్భమున నాకొక కోరిక గలదు. మాన్యుల యుపన్యాసములకు ముందుగా, నేటి తరగతులలో చదువు ఒక బాలికయో, బాలుడో తన యూరినిగూర్చి ఉత్తరాంధ్రపు పలుకుబడితో స్వయముగ వ్రాసిన వ్యాసమును వేదికపై చదువవలెను. ఆ పలుకుబడిని ఏ ఉపాధ్యాయుడును దిద్దరాదు.