రెండు తాళాల గది, కంప్యూటరు కాపలా



ట్రెజరీలో పనిచేసిన వారికి డబుల్ లాక్ గది సంగతి చెప్పనక్కరలేదు. రెండు తాళంచెవులూ ఒకరి దగ్గర ఉండరాదు. వెలుపల తుపాకితో నిలబడే సెంట్రీ చేతిలో ఏ చెవీ ఉండదు. ఎవరి పని ఏదో కాగితం మీద స్పష్టంగా ఉండేది.

ఇప్పుడు మన పెన్షను లెక్కలు 2018 నుండి సి.ఎఫ్.ఎం.ఎస్.లో ఉన్నవి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చిన తరువాత మన వేలిముద్రయే సర్టిఫికెట్టు అయినది. మరి ఈ గదికి చెవులు ఎవరివి, సెంట్రీ ఎవరు? ఈ ప్రశ్నకు మన దేశం పాతికేళ్ళుగా విడతలు విడతలుగా జవాబు వ్రాసుకుంటున్నది.

2000 అక్టోబరు 17న అమలుకు వచ్చిన ఐ.టి. చట్టం ప్రధానంగా వ్యాపారం కోసం, ఎలక్ట్రానిక్ సంతకం కోసం చేసినది. 2004 జనవరిలో సెర్ట్-ఇన్ అనే పౌర సంస్థ మొదలైనది. సవరణ బిల్లు 2006 నుండి పెండింగులో ఉండగా, 2008 నవంబరులో ముంబయి దాడులు జరిగినవి. ఆ డిసెంబరులోనే పార్లమెంటు దానిని దాదాపు చర్చ లేకుండా ఆమోదించినది. ఫైలు కదలాలంటే పైన ఏదో ఒకటి పగలవలసిందే, మన ఆఫీసుల్లో చూడలేదా!

ఆ సవరణతో కాపలా రెండు పాయలైనది. సాధారణ ప్రమాదాలకు సెర్ట్-ఇన్. కరెంటు, బ్యాంకులు, రైళ్ళ వంటి కీలక వ్యవస్థలకు 2014 జనవరిలో ఏర్పడిన ఎన్.సి.ఐ.ఐ.పి.సి. ఇది సాంకేతిక గూఢచార సంస్థ అయిన ఎన్.టి.ఆర్.ఓ. క్రింద ఉన్నది. రక్షణ శాఖ దీని పరిధిలోకి రాదు. త్రివిధ దళాలకు 2019లో డిఫెన్స్ సైబర్ ఏజెన్సీ వేరుగా వచ్చినది.

కాని శత్రువు ఈ గీతలు చూసుకొని వస్తాడా? మా రాప్తాడు వైపు వానను నమ్ముకొన్నవాడు లేడు, బోరునే నమ్ముకొన్నాము. కరెంటు నాలుగు రోజులు పోతే చీనీ తోట ఎండుతుంది. 2019 ఏప్రిల్ చివర రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లను దుండగులు బిగించి డబ్బు అడిగారు. అది దొంగల పని. 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ తరువాత వచ్చినది వేరు. విద్యుత్ నియంత్రణ కేంద్రాలకు షాడోప్యాడ్ అనే మాల్వేర్ ముప్పున్నదని సెర్ట్-ఇన్ 2020 నవంబరు 19న మెయిల్ పంపినది. చైనాతో సంబంధమున్నదని చెప్పిన రెడ్ ఎకో ముఠా గురించి ఎన్.సి.ఐ.ఐ.పి.సి. 2021 ఫిబ్రవరి 12న మరొకటి పంపినది. రెండు ఉత్తరాల మధ్య సుమారు మూడు నెలలు! సమాచారమేదీ పోలేదని విద్యుత్ శాఖ ప్రకటించినది. సరిహద్దులో సైన్యం, లోపల గ్రిడ్, ఒకే గొడవకు రెండు కొసలు. అయితే గ్రిడ్ దగ్గర నిలబడినవాడు యూనిఫారం లేని ఇంజనీరు.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్, దాడి గమనించిన 6 గంటలలో తెలియజేయాలని ఉత్తర్వు ఇచ్చినది. 2024 సెప్టెంబరులో కేంద్రం పనిని తిరిగి పంచినది: సైబర్ నేరాలు హోం శాఖకు, టెలికాం నెట్‌వర్కులు టెలికాం విభాగానికి, సైబర్ భద్రత ఎలక్ట్రానిక్స్ శాఖకు, మొత్తం సమన్వయం జాతీయ భద్రతా మండలి సచివాలయానికి. చట్టం వచ్చిన ఇరవై నాలుగేళ్ళకు చెవుల జాబితా కాగితం మీదికెక్కినది.

మన వంతుకు వచ్చేది హోం శాఖ వారి 1930 నంబరు. ఓ.టి.పి. అడిగి డబ్బు లాగినవారి మీద వెంటనే దానికే ఫోను చేయాలి. మా ఇంట్లో క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టాను.