కథ కంచికి చేరిన పిమ్మట

కథ కంచికి, మనమింటికి అనుట మన వాడుక. కాని కథానాయకుడు మనమే అయినచో ఇంటికి మరలుట సులభమా?

కెనడాలోని ఎడ్మంటన్ నగరమందలి బయోవేర్ సంస్థ 'మాస్ ఎఫెక్ట్' అను వీడియో క్రీడను 2007, 2010, 2012 సంవత్సరములలో మూడు భాగములుగా వెలువరించినది. సేనాని షెపర్డ్ పాత్ర వహించు ఆటగాడు ఎవరిని కాపాడెనో, ఎవరిని విడిచెనో, ఆ నిర్ణయములు భాగమునుండి భాగమునకు వెంట వచ్చెడివి. తుదకు మిగిలినవి మూడే మార్గములు. వాని దృశ్యములలో కొట్టవచ్చినట్లు కనబడిన భేదము ఎరుపు, ఆకుపచ్చ, నీలి రంగులే.

అభిమానులు మండిపడిరి. కొందరు ఆ మూడు రంగుల చిన్న కేకులను నాలుగు వందలు సంస్థకు పంపిరి. రంగులు వేరైనను రుచి ఒక్కటే! మరికొందరు నిరసనగా చందాలెత్తి, ఆసుపత్రులలోని బాలలకు ఆటవస్తువులు సమకూర్చు ధర్మసంస్థకు 80,000 డాలర్ల వరకు ఇచ్చిరి. 2012 జూన్‌లో సంస్థ ముగింపును విస్తరించి ఉచితముగ నొసగినది. మూడింటిని నిరాకరించువారికి నాలుగవ మార్గమునూ చేర్చినది. దాని ఫలము పరాజయమే!

ఇది క్రొత్త కలహము కాదు. 1893లో తాను చంపిన షెర్లాక్ హోమ్స్‌ను కానన్ డాయిల్ 1903లో మరల బ్రతికింపవలసివచ్చినది. ముగింపు కర్త హక్కేయని మేమును అంగీకరింతుము. కాని 'నీ నిర్ణయము ఫలించును' అని మాట యిచ్చిన కర్త ఆ మాటకు ఋణపడియుండును. ప్రయాణమును ప్రేమింపనివాడు గమ్యమునకై కలహింపడు గదా!