ముందు ఫోర్కు వాలు: ఇంట తయారైన మోటారు సైకిళ్ళ చరిత్ర

మోటారు సైకిలు మొట్టమొదట పుట్టినది కర్మాగారంలో కాదు, ఒక ఇంటి తోటలో. జర్మనీలో స్టుట్‌గార్టు నగరాన్ని ఆనుకొని కాన్‌స్టాట్ అనే ఊరుండేది. అక్కడ గాట్లీబ్ డైమ్లర్ అనే ఇంజనీరు తన తోటలోని చిన్న కట్టడాన్ని పనిగదిగా మార్చుకొని, విల్‌హెల్మ్ మైబాఖ్ అనే సహచరునితో కలిసి 1885లో ఒక బండిని తయారుచేశాడు. దాని చట్రం కర్ర, చక్రాలు కర్ర. ఇంజను పరిమాణం 264 ఘన సెంటీమీటర్లు, శక్తి అర అశ్వశక్తి. అది గంటకు 12 కిలోమీటర్ల కంటె ఎక్కువ పోయేది కాదు. ఆ నవంబరులో డైమ్లర్ కుమారుడు దానిపై ప్రక్క ఊరికి పోయినప్పుడు, జీను క్రిందనే ఉన్న ఇంజను వేడికి జీను అంటుకొన్నదని చెబుతారు.

జీను కాలిన సంగతి అందరూ చెప్పేదే. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఆ బండికి ఇరుప్రక్కలా రెండు చిన్న చక్రాలు ఉండేవి, పసిపిల్లల సైకిళ్ళకు తగిలించినట్లు. అవి లేకుంటే బండి నిలిచేది కాదు. ఎందుచేతనంటే దాని ముందు ఫోర్కు నిలువుగా, నేలకు లంబంగా ఉన్నది. విచిత్రం ఏమంటే, అదే 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ అమ్మకానికి పెట్టిన రోవర్ సైకిలుకు ముందు ఫోర్కు వాలుగా ఉన్నది. ఇంజను సమస్యలో మునిగిన డైమ్లర్‌కు అటు చూసే తీరిక లేకపోయింది కాబోలు. ఆయనకు కావలసింది ఇంజనును పరీక్షించడానికి ఒక బండి, అంతే.

ఈ వాలును గురించి నేను ఆలోచించడానికి కారణం ఒక విద్యార్థి. అరకులోయలో నేను పాఠాలు చెప్పే కళాశాలలో డిగ్రీ చదివే కుర్రవాడు నిరుడు చలికాలంలో నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మా చిన్నాన్న పాత బుల్లెట్టు ఎస్.కోటలో షెడ్డులో పడి ఉందండి. దాన్ని చాపర్‌లా చేద్దామనుకొంటున్నాను. ముందు ఫోర్కు ఒక అడుగు పొడిగిస్తే చాలంటున్నాడు వెల్డింగు అతను. సరిపోద్దాండి?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికి మా ఇద్దరికీ నాలుగు ఆదివారాలు పట్టింది.

ముందు ఆ వాలు చేసే పని ఏమిటో చూద్దాం. ఆసుపత్రిలో రోగిని పడుకోబెట్టి తోసుకొనిపోయే బల్ల చక్రాలను మీరు గమనించే ఉంటారు. ఆ చక్రం ఏ కడ్డీ చుట్టూ తిరుగుతుందో, ఆ కడ్డీకి సరిగ్గా క్రింద నేలను తాకదు. కొంచెం వెనుకగా తాకుతుంది. అందుచేతనే బల్లను ఎటు తోస్తే చక్రం అటు తిరిగి వెంట వస్తుంది. సైకిలులోనూ అంతే. హ్యాండిలు తిరిగే అక్షాన్ని అదే వాలులో నేల దాకా పొడిగించినట్లు ఊహించండి. ఆ గీత నేలను తాకే చోటుకు వెనుకగా చక్రం నేలను తాకుతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరాన్ని ఇంగ్లీషులో ట్రెయిల్ అంటారు. మనం వెనుదూరం అందాం. పాఠశాల ఆవరణలో ఏ సైకిలుతోనైనా దీని ప్రభావాన్ని చూపవచ్చు. జీను మాత్రమే పట్టుకొని సైకిలును ఎడమకు వంచితే, ఎవరూ త్రిప్పకుండానే ముందు చక్రం ఎడమకు తిరుగుతుంది. పడబోయే వైపుకే చక్రం తిరగడం వల్లనే సైకిలు పడకుండా నిలద్రొక్కుకొంటుంది.

అయితే సైకిలు నిలబడడానికి కారణం ఇదొక్కటే అనుకోరాదు. డేవిడ్ జోన్స్ అనే బ్రిటిషు రసాయన శాస్త్రజ్ఞుడు ఎవరూ తొక్కలేని సైకిలును తయారు చేయాలని పట్టుబట్టి, తన ప్రయోగాలను 1970లో ప్రచురించాడు. చక్రాల భ్రమణ ప్రభావం కంటె వెనుదూరమే ముఖ్యమని ఆయన తేల్చాడు. 2011లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధన ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఆ రెండూ లేకుండా, బరువును తగిన చోట్ల పంచడం వల్లనే తనంతట తాను నిలిచే సైకిలును ఆ పరిశోధకులు తయారుచేసి చూపారు. నూటపాతిక సంవత్సరాలుగా ప్రపంచమంతా తొక్కుతున్న సైకిలును గురించి 2011లో కూడా క్రొత్త సంగతి తేలిందంటే విద్యార్థులు నమ్మరు. కాని మామూలు మోటారు సైకిలు హ్యాండిలు చేతికి ఎలా తగులుతుందో నిర్ణయించేది ముఖ్యంగా వెనుదూరమే.

ఇక చాపర్ కథ. చాప్ అంటే నరకడం. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలో సైనికుల కోసం తయారైన హార్లే డేవిడ్‌సన్ బండ్లు చవకగా అమ్మకానికి వచ్చాయి. యుద్ధం నుండి తిరిగివచ్చిన కుర్రవాళ్ళు వాటిని కొని, బరువు తగ్గి వేగం పెరగాలని మడ్‌గార్డులు కత్తిరించి, అక్కరలేని సామానంతా విప్పివేశారు. అప్పటికి అది ఒంటి నుండి బరువు దింపడమే. 1950లు, 60లలో అదే అలవాటు మరో దారి పట్టింది. ఫోర్కులు పొడుగయ్యాయి. చట్రపు మెడను కోసి వాలు పెంచి మళ్ళీ అతికారు. హ్యాండిలు భుజాల ఎత్తుకు లేచింది. ముందు బ్రేకును తీసివేసిన వారు కూడా ఉన్నారు, ముందు చక్రం సన్నగా, ఖాళీగా కనబడాలని!

ఈ రూపాన్ని ప్రపంచానికంతటికీ చూపినది 1969లో విడుదలైన 'ఈజీ రైడర్' అనే చలనచిత్రం. అందులోని బండ్లు పాత పోలీసు హార్లేలు. వాటి రూపకల్పనలోనూ తయారీలోనూ ముఖ్యులు లాస్ ఏంజెలీస్‌లోని ఇద్దరు నల్లజాతి వారు, క్లిఫర్డ్ వాస్, బెన్ హార్డీ. వాస్ పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన ఛాయాచిత్రకారుడు, హార్డీ మెకానిక్కు. నటుల పేర్లు ఊరూరా మారుమ్రోగాయి గాని, వీరిద్దరి పేర్లు తెర మీద కనబడలేదు. దశాబ్దాల తరువాత గాని ఈ సంగతి లోకానికి సరిగా తెలియలేదు. యంత్రాల చరిత్రలో ఇది తరచుగా జరిగేదే. బొమ్మలో ఫోర్కు పొడవు కనబడుతుంది. ఆ పొడవుకు తగినట్లు మెడ కోణాన్ని సరిచేసిన చేయి కనబడదు.

ఆ చేయి లేకపోతే ఏమవుతుందో మా షెడ్డులోని బుల్లెట్టుతో లెక్కవేశాం. బుల్లెట్టు అన్న పేరు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీ 1932లో పెట్టినది. 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో బుల్లెట్ల తయారీ సాగింది. 1970 వచ్చేసరికి ఇంగ్లండులో కంపెనీ మూతపడింది గాని, మద్రాసులో అదే పోత ఇనుప ఇంజను మరి మూడు నాలుగు దశాబ్దాలు తయారవుతూ వచ్చింది. ఇన్నేళ్ళు పెద్దగా మారని యంత్రం గనుకనే మన దేశంలో ఇంట మార్పులు చేసేవారికి బుల్లెట్టు మీద అంత మోజు. విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, విప్పడం బిగించడం కంటితో చూసి నేర్చుకోవచ్చు. డీజిలు ఇంజను బిగించినవారు కూడా లేకపోలేదు. చివరకు కంపెనీయే టారస్ అనే పేరుతో 325 సీసీ డీజిలు బండిని అమ్మింది. ఆ శబ్దం విన్నవారు మరచిపోరు.

లెక్క సులువుగా ఉండడానికి అంకెలను గుండ్రంగా తీసుకొంటాను. చక్రపు అర్ధవ్యాసం 320 మిల్లీమీటర్లు. ఫోర్కు వాలు నిలువు గీత నుండి 27 డిగ్రీలు. చక్రపు ఇరుసు హ్యాండిలు అక్షానికి 60 మిల్లీమీటర్లు ముందుకు జరిగి ఉన్నది. అర్ధవ్యాసాన్ని వాలు కోణపు సైన్‌తో గుణించి, అందులో 60 తీసివేసి, మిగిలినదాన్ని కొసైన్‌తో భాగిస్తే వెనుదూరం వస్తుంది. పదవ తరగతి విద్యార్థి చేయగల లెక్క. జవాబు సుమారు 96 మిల్లీమీటర్లు.

ఇప్పుడు వెల్డింగు అతను చెప్పినట్లు ఫోర్కును ఒక అడుగు పొడిగిద్దాం. చట్రపు ముందు భాగం పైకి లేస్తుంది. వెనుక చక్రం ఇరుసు ఆధారంగా బండి మొత్తం సుమారు 10 డిగ్రీలు వెనుకకు ఒరుగుతుంది. చక్రాల మధ్య దూరం 1370 నుండి సుమారు 1530 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. వాలు 37 డిగ్రీలు అవుతుంది, వెనుదూరం 96 నుండి 166కు పోతుంది. మెడను కూడా కోసి వాలును 45 డిగ్రీలు చేస్తే అది 235కు చేరుతుంది. మేము తాకింది ఫోర్కును ఒక్కదాన్నే. కాని ఇంజను ఒరిగింది, దానితోపాటు కార్బురేటరులో పెట్రోలు మట్టాన్ని కాపాడే తేలుడు గిన్నె కూడా ఒరిగింది.

వెనుదూరం ఎక్కువైతే మంచిదే కదా అని కుర్రవాడు వాదించాడు. తిన్నని రోడ్డు మీద నిజంగా మంచిదే. కాలిఫోర్నియాలో మైళ్ళ తరబడి వంపులేని రహదారిపై బండి రైలులా పోతుంది, హ్యాండిలు మీద చేయి వేసి ఊరుకోవచ్చు. చాపర్ రూపం అక్కడ నిలవడానికి ఆ రోడ్లే కారణమని నా అభిప్రాయం. కాని మన బండి ఎస్.కోట నుండి అనంతగిరి మీదుగా అరకుకు ఎక్కాలి. ఆ ఘాటు రోడ్డులో హెయిర్‌పిన్ మలుపు దగ్గర వేగం మనిషి నడక కంటె కొంచెమే ఎక్కువ. అంత నెమ్మదిగా పోయేటప్పుడు, వాలూ వెనుదూరమూ పెరిగిన బండి హ్యాండిలు కొంచెం తిప్పగానే తన బరువుతో తానే ఆ ప్రక్కకు పడబోతుంది. మా లెక్క ప్రకారం 27 డిగ్రీల దగ్గర ఉన్న ఈ గుణం 37 డిగ్రీల దగ్గర రెట్టింపు అవుతుంది. పైగా పొడుగు బండికి మలుపు తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. ఎదురుగా కాఫీ గింజల లారీ వస్తే ఆ చోటు ఉండదు. దిగేటప్పుడు సంగతి ఇంకొకటి. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది గనుక ఆపే శక్తిలో ఎక్కువ పాలు ముందు బ్రేకుది. గాలికొండ దగ్గర మంచులో, తడి రోడ్డు మీద, ముందు బ్రేకు లేని బండిని నేనైతే ఎక్కను.

వెల్డింగు సంగతీ ఉన్నది. పాత బుల్లెట్టు చట్రంలో ముందు గొట్టం ఇంజను దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. ఇంజను క్రింద ఊయలలా చుట్టివచ్చే గొట్టాలు లేవు. ఇంజనే చట్రంలో ఒక భాగం. అటువంటి చట్రపు మెడను కోసి అతికితే గోతిలో పడిన ప్రతి దెబ్బ ఆ అతుకు మీదనే పడుతుంది. అతుకు ఊడడం అరుదు. అతుకు ప్రక్కన, వేడికి లోహపు గుణం మారిన చోట, సన్నని పగులు మొదలవుతుంది. అది రంగు క్రింద ఉంటుంది గనుక కంటికి కనబడదు.

మూడవ ఆదివారం బండి కాగితాలు చూశాం. 1969 నాటి రిజిస్ట్రేషను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా మార్చడాన్ని అడ్డగిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతిని గట్టిగా చెప్పింది. మరొక వైపు, 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు 'వి.ఎ.' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. షరతు ఏమంటే చట్రంలోనూ ఇంజనులోనూ పెద్ద మార్పు లేకుండా వాహనం మూలరూపంలో ఉండాలి. అంటే వింటేజి చాపర్ అన్న మాటలో రెండు పదాలు ఒకదానితో ఒకటి పొసగవు. రంపం పెట్టిన క్షణాన ఆ బండి పాతదిగా మిగలదు, రోడ్డుకూ పనికిరాదు. ఈ మాట విన్నాక కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు.

అలాగని ఈ కొండలలో మోటారు సైకిలును ఎవరూ మార్చలేదని కాదు. రోడ్డు లేని గూడేల నుండి రోగులను, గర్భిణులను డోలీ కట్టి మోసుకొనిరావడం ఇక్కడి వారికి క్రొత్త కాదు, నేటికీ ఆగలేదు. 2018లో ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాలలో ప్రభుత్వం బైకు అంబులెన్సులను ప్రవేశపెట్టింది. పెద్ద అంబులెన్సు రాలేని దారిలో రోగిని పడుకోబెట్టి, అది ఆగిన చోటికి చేర్చడం వాటి పని. ప్రక్కబండి తగిలించిన మోటారు సైకిలు శాస్త్రం చాపర్‌కు పూర్తిగా విరుద్ధం. మూడు చక్రాలున్నప్పుడు బండి ప్రక్కకు ఒరగదు, నిలబడడానికి వెనుదూరం సాయం అక్కరలేదు. వెనుదూరం ఎక్కువైతే హ్యాండిలు బరువెక్కి చేతులు నొప్పిపెడతాయి. అందుకని ప్రక్కబండ్లు కట్టే నిపుణులు ఫోర్కును మార్చి వెనుదూరాన్ని తగ్గిస్తారు. అమెరికా కుర్రవాడు ఏ అంకెను పెంచుకొంటూ పోయాడో, ప్రక్కబండి కట్టేవాడు అదే అంకెను తగ్గించుకొంటూ వచ్చాడు.

నాలుగవ ఆదివారం షెడ్డులో తాపీవారి గుండుతాడు ఒకటి, కొలతటేపు ఒకటి పెట్టుకొని వెనుదూరాన్ని నిజంగా కొలిచాం. హ్యాండిలు అక్షం వెంట ఒక దారాన్ని బిగించి నేలమీద సుద్దముక్కతో గుర్తు పెట్టాం, ఇరుసు నుండి గుండు వ్రేలాడదీసి మరొక గుర్తు. మొదటిసారి కొలత తప్పింది. వెనుక టైరులో గాలి లేదని ఆలస్యంగా చూసుకొన్నాం. గాలి కొట్టి మళ్ళీ కొలిచాం. కుర్రవాడు సుద్దగీతల మధ్య దూరాన్ని నోటుపుస్తకంలో వ్రాసుకొని, కార్బురేటరు విప్పి పెట్రోలులో నానబెట్టాడు. వాళ్ళ చిన్నాన్న వచ్చి, "రంపం తెచ్చావా?" అని అడిగాడు. "ముందు స్టార్టవనీ చిన్నాన్నా" అన్నాడు వీడు.