ఆకుకు రెండు త్రిభుజాలు

1982లో ఆక్టివిజన్ విడుదల చేసిన ‘పిట్‌ఫాల్’ ఆటలో ఒక అడవి ఉంది. ఆ ఆట నడిచిన అటారి 2600 యంత్రానికి ఉన్న మెమరీ 128 బైట్లు. ఆట మొత్తం నాలుగు కిలోబైట్ల కార్ట్‌రిడ్జ్‌లో ఇమడాలి. డేవిడ్ క్రేన్ ఆ ఇరుకులోనే 255 తెరల అడవిని పట్టించాడు. చెట్టంటే గోధుమరంగు నిలువు కాండం, తెర పైన పచ్చటి గుబురు. కాండాల అమరికలు నాలుగే. అవే మారి మారి ఎదురొస్తాయి. అయినా ఆడే పిల్లలకు అది అడవే. కాండపు నిలువు గీత, గుబురు అంచు, ఈ రెండూ సరిగ్గా కుదిరాయి కాబట్టి మిగతాదంతా వాళ్ల ఊహే నింపుకుంది.

ప్రతి ఆకారాన్నీ త్రిభుజాలతో కట్టే మూడు కొలతల ఆటలు వచ్చాక చిక్కు మొదలైంది. ఇల్లు కట్టడం తేలిక, గోడకు రెండు త్రిభుజాలు చాలు. చెట్టుకు వేల ఆకులు. ఆకుకు రెండు త్రిభుజాలు వేసినా అప్పటి యంత్రం చతికిలబడుతుంది. అందుకే 1996 నాటి ‘సూపర్ మారియో 64’లో చెట్టుకు వెనకవైపు లేదు. ఒకే ఒక్క బొమ్మ, కెమెరా ఎటు జరిగితే అటు ముఖం తిప్పుతుంది. దీన్నే బిల్‌బోర్డ్ అంటారు. తర్వాత రెండు మూడు బొమ్మలను అడ్డంగా కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చిన చెట్లు వచ్చాయి. దూరాన కనిపించే చెట్లకు ఈ ఉపాయాలు నేటికీ పనికొస్తున్నాయి.

అంతకు ముందు నుంచే మరోవైపు శాస్త్రజ్ఞులు చెట్టు వెనక ఉన్న లెక్కను వెతుకుతున్నారు. హంగేరీలో పుట్టిన జీవశాస్త్రవేత్త అరిస్టిడ్ లిండెన్‌మేయర్ 1968లో, మొక్క పెరుగుదలను చిన్న సూత్రాలు పదే పదే వర్తింపజేసి చెప్పవచ్చని చూపాడు. ప్షెమిస్వాఫ్ ప్రుషింకెవిచ్‌తో కలిసి ఆయన రాయగా 1990లో వెలువడిన పుస్తకం ఈ రంగంలో అందరి బల్ల మీదికీ చేరింది. 1995లో వెబర్, పెన్ అనే ఇద్దరు కొమ్మ కోణం, పొడవు, వంపు వంటి అంకెలిచ్చి చెట్టును పుట్టించే పద్ధతి ప్రచురించారు. ఉచితంగా దొరికే బ్లెండర్‌లోని ‘సాప్లింగ్’ పరికరానికి మూలం అదే. వీళ్లందరికంటే శతాబ్దాల ముందే లియొనార్డో డా వించీ, చీలిన కొమ్మల మందమంతా కలిపితే చీలకముందున్న మాను మందమంత ఉంటుందని గమనించాడు. మోడలింగ్ నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఆ మాటే. చాలా చెట్లు తెర మీద అబద్ధంగా కనిపించేది అక్కడే మరి. కొమ్మ చీలినా సన్నబడదు, లేదా చీలకుండానే సన్నబడిపోతుంది.

2000 తర్వాతి దశాబ్దం చేతిపనికి స్వర్ణయుగం. అప్పుడు కుదిరిన పద్ధతి ఇలా ఉంటుంది. మానుకు ఆరో ఎనిమిదో పలకల గొట్టం. పైకి పోయేకొద్దీ పలకలు తగ్గించి కొమ్మ చివర మూడుకు తేవాలి. ఆకులను విడిగా చేయరు. రెమ్మ మొత్తాన్ని ఒక పలుచటి కార్డు మీద అతికి, ఖాళీ చోటును పారదర్శకంగా వదులుతారు. ఆ ఖాళీ చోటూ యంత్రానికి భారమే, కాబట్టి కార్డును రెమ్మ అంచు వెంబడి దగ్గరగా కత్తిరించాలి. ఇంత చేసినా వెలుతురు పడగానే ఒక్కో కార్డు ఒక్కో అట్టముక్కలా బయటపడుతుంది. దానికి కనిపెట్టిన విరుగుడు నాకెప్పటికీ అబ్బురమే. కార్డుల నార్మల్స్‌ను, అంటే వెలుతురు లెక్కకు ఆధారమైన దిశలను, గుబురు మధ్యలోంచి బంతిలా బయటికి తిప్పేస్తారు. గుబురంతా ఒకే ముద్దగా, ఒక పక్క ఎండగా, ఒక పక్క నీడగా మెత్తబడుతుంది. చిత్రకారులు చెట్టును గీసేటప్పుడు చేసేదీ ఇదే. ముందు ముద్దను చూసి ఆకులను తర్వాత చూస్తారు.

2002లో అమెరికాలోని దక్షిణ కరోలినా నుంచి చెట్లను పుట్టించే ‘స్పీడ్‌ట్రీ’ సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2006 నాటి ‘ఆబ్లివియన్’ ఆటలోని అడవులు దానితో మొలిచినవే. ఇక చేతిపని అవసరం లేదన్న మాట అప్పుడు వినిపించింది. అలా జరగలేదు. ఎక్కడ కొమ్మ విరిగింది, ఏ వైపు ఎండకు వాలింది అన్నవి మనిషే చెప్పాలి. అలా చెప్పని చోట ఒకే అచ్చులోంచి తీసిన పిల్లల్లా చెట్లన్నీ వరుసకట్టాయి. 2007లో క్రైటెక్ చేసిన ‘క్రైసిస్’ ఈ విషయంలో నాకు మైలురాయి. ఆకు అంచు ఎంత అల్లాడాలి, ఏ ఆకు ముందు కదలాలి, ఏది వెనక కదలాలి, రెమ్మ ఎంత బిగువుగా ఉండాలి అన్నవి కళాకారులు మెష్ మీద, అంటే చెట్టు ఆకారపు వల మీద, రంగులుగా పూశారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికీ ఒక్కో పని. ఆ రంగులు ఆడేవారికి కనబడవు. గాలి రూపంలో తెలుస్తాయి.

తర్వాత ఫొటోల వంతు. 2015 నాటి ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్’ కోసం డైస్ బృందం కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవులకు వెళ్లి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, వాటి నుంచి ఆకారాలు రాబట్టింది. బెరడు, వేళ్లు అద్భుతంగా వస్తాయి. ఆకులు రావు. గాలికి కదిలేది, వెలుతురును లోపలికి రానిచ్చేది ఫొటో లెక్కకు చిక్కదు. మాను స్కాన్‌ది, గుబురు చేతిది అన్న జమిలి పద్ధతి అప్పుడే స్థిరపడింది. 2022 చివర ‘ఫోర్ట్‌నైట్’ ఆటలో నానైట్ అనే కొత్త పద్ధతితో ఒక్కో చెట్టుకు సుమారు 3 లక్షల పాలిగాన్లు వచ్చాయి. కార్డులు పోయి, అసలు ఆకు ఆకారంలోనే ఆకు వచ్చింది.

ఇంత దూరం వచ్చాక కూడా మన చింతచెట్టు మొండికేస్తుంది. దాని ఆకులు మరీ చిన్నవి. దూరం జరిగేకొద్దీ యంత్రం బొమ్మను కుదించి చూపుతుంది కదా, ఆ కుదింపులో చిట్టి ఆకులు ముందు మాయమై చెట్టు బోడిగా మిగులుతుంది. దూరం నుంచి చింతను చూసినప్పుడు మన కంటికి పొగలాంటి పచ్చదనం కనబడుతుంది. అది దక్కాలంటే చిన్న సైజు బొమ్మలను వేరేగా సరిదిద్ది, ఆకుల వైశాల్యం తగ్గకుండా కాపాడాలి. వేప ఇంకో రకం. నేను మొదట చేసిన వేప గొడుగులా వచ్చింది. మళ్లీ పెరట్లోకి వెళ్లి నిలబడితే తెలిసింది, రెమ్మలన్నీ కొమ్మల చివర్లకే చేరి మధ్యలో ఆకాశం కనబడుతోందని. ఆకుల మొదలు కూడా రెండు వైపులా సమంగా లేదు. ఆకు కొడవలిలా ఒక పక్కకు ఒరిగి, అంచున రంపపు పళ్లు. కొమ్మలు దించి, లోపలి కార్డులు సగం తీసేశాక గానీ అది వేప కాలేదు.

ఇప్పుడు నా కంప్యూటర్‌లో సగమైన చింతచెట్టు ఒకటి ఉంది. పొద్దు వాలగానే చింతాకులు జతలు జతలుగా ముడుచుకుంటాయి. నేను చూసిన ఏ ఆటలోనూ ఆ ముడుచుకోవడం కనబడలేదు. జంట ఆకులకు మధ్య ఈనెను ఇరుసుగా పెట్టి, సాయంత్రపు వెలుతురుకు ముడిపెట్టి చూస్తున్నాను. నిన్న రాత్రి మొదటి రెమ్మ ముడుచుకుంది.