తోటలనాటి పాత కత్తులు, పనిముట్లు: బాగుచేయు విధానము

మలేషియాలోని మన తెలుగు కుటుంబములలో అనేకమునకు ఇంటి వెనుక కొట్టులోనో, మంచము క్రింది పెట్టెలోనో ఒక పాత ఇనుప మూట ఉండును. తాతగారి రబ్బరు కత్తి, పిడి ఊడిన కొడవలి, ఒక మచ్చుకత్తి, అవ్వ వాడిన కత్తిపీట అందులో కనబడును. పెద్దలు గతించిన తరువాత, లేదా ఇల్లు మారునప్పుడు, ఆ మూట పాత ఇనుము కొనువాని తూకమునకు పోవుచున్నది. దానిని ఇంటివద్దనే, తక్కువ ఖర్చుతో, చెడగొట్టకుండ బాగుచేయుట ఎట్లో ఈ వ్యాసము తెలుపును. తెలుగు తిరిగి నేర్చుకొనుచున్న వారికొరకు పనిముట్ల పేర్లు, పనుల పేర్లు వివరముగా ఇచ్చితిని.

ఇవి ఎక్కడివి

1877లో 22 రబ్బరు మొక్కలు లండనులోని క్యూ తోటనుండి సింగపూరు చేరినవి. 1888లో సింగపూరు వృక్షోద్యానమునకు అధికారిగా వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండ బెరడును పలుచగా గీసి పాలు తీయు పద్ధతిని రూపొందించెను. ఆ పద్ధతికి ప్రత్యేకమైన కత్తి అవసరమైనది. నేటి శ్రీకాకుళము, విశాఖపట్నము, గోదావరి ప్రాంతములనుండి వచ్చిన మన పెద్దలు ఆ కత్తిని పట్టిరి. బాగన్ దాతో వంటి చోట్ల కొబ్బరి తోటలలోను పనిచేసిరి. 1938లో భారత ప్రభుత్వము కూలీల వలసను నిలిపివేసెను. 1960ల తరువాత అనేక తోటలలో రబ్బరు స్థానమున నూనె తాడి వచ్చెను. రబ్బరు కత్తులు మూలబడినవి.

పనిముట్లు, పేర్లు

రబ్బరు కత్తి: కొన వంగి, గాడివలె ఉండును. మలయు భాషలో పీసావు తోరెహ్ అందురు. దీనిని తనవైపు లాగుచు బెరడును ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందము మాత్రమే గీయవలెను. లోతుగా తెగినచో చెట్టుకు గాయమగును. ఆ చోట తిరిగి పెరుగు బెరడు గడ్డలు కట్టును.

మచ్చుకత్తి: కొమ్మలు, కాయలు నరుకు బరువైన కత్తి. ఇక్కడ పరాంగు అని కూడ అందురు. కొన్ని బర్మింగ్‌హామ్, షెఫీల్డు నగరముల ముద్రలతో వచ్చినవి. కొన్నింటిని కమ్మరులు లారీ పట్టీలనుండి సాగగొట్టిరి.

కత్తిపీట: చెక్కపీటకు నిలిపిన వంపు కత్తి. కాలితో పీటను అదిమి, కూరగాయను కత్తికి ఆనించి కోయుదురు. కొన్నింటి కొనయందు కొబ్బరి కోరు పళ్లు ఉండును.

మొదట చూడవలసినవి

తుప్పు తీయుటకు ముందే పనిముట్టును రెండు వైపుల ఫోటో తీయవలెను. పిడిమీద గీతలు, కాల్చిన గుర్తులు, అక్షరములు, కత్తిమీద కమ్మరి ముద్ర ఉన్నవేమో పగటి వెలుగులో, కత్తిని పక్కకు వంచి వెదకవలెను. ఇంటిలో పెద్దలున్నచో వారి చేతికిచ్చి అడుగవలెను. కంటికి కనబడనిది వారి చేతికి తెలియును. పాత రంగు పూసి ఉన్నచో పొడిగా గీకరాదు. ఆనాటి రంగులలో సీసము ఉండవచ్చును.

తుప్పు తీయుట

పైపైన ఎర్రని తుప్పు ఉన్నచో నూనె, ఇనుప పీచు చాలును. లోతుగా పట్టినచో వంటకు వాడు తెల్ల వినెగర్ మంచిది. పిడి ఊడునదైతే తీసి, కత్తిని వినెగర్‌లో ముంచవలెను. ఊడనిచో వినెగర్‌లో తడిపిన గుడ్డను కత్తిమీద మాత్రమే చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టవలెను. కొన్ని గంటలకొకమారు తీసి చూడవలెను. సాధారణముగా 12 నుండి 24 గంటలు చాలును. అంతకుమించి ఉంచినచో ఆమ్లము మంచి ఇనుమును కూడ తినును.

తరువాత ఇనుప పీచుతో రుద్ది, నీటితో కడిగి, లీటరు నీటికి ఒక చెంచా బేకింగ్ సోడా కలిపిన నీటిలో కొన్ని నిమిషములు ఉంచవలెను. మిగిలిన ఆమ్లము అందువలన విరుగును. మరల కడిగి, వెంటనే తుడిచి, ఎండలో ఆరబెట్టి, పలుచగా నూనె పూయవలెను. ఆలస్యమైనచో అదే గంటలో కొత్త తుప్పు లేచును. నల్లని మచ్చలు మిగిలినచో ఉండనీయవచ్చును. అవి వయస్సు గుర్తులు, హాని చేయవు.

పదును పెట్టుట

మచ్చుకత్తికి ఆకురాయి చాలును. కత్తిని బల్లకు బిగించి, ఆకురాయిని ఒకే దిశలో తోయవలెను. అంచు ఒక్కొక్క వైపున సుమారు 25 డిగ్రీల కోణములో ఉండవలెను. వంటకత్తికి 15 నుండి 20 డిగ్రీలు సరిపోవును. దానిని నీటితో తడిపిన సానరాయిమీద నూరవలెను. అంచు వెనుక సన్నని పొర వేలికి తగిలినచో రెండవ వైపు నూరు సమయమైనదని తెలిసికొనవలెను. కత్తిపీటను కదల్చరాదు. పీటను గట్టిగా నిలిపి, దళసరి చేతితొడుగు వేసికొని, చిన్న సానరాయిని అంచు వెంబడి నడుపవలెను. రబ్బరు కత్తి గాడికి గుండ్రని అంచు గల చిన్న సానరాయి కావలెను. గాడి ఆకారము మారనీయరాదు.

కరెంటు సాన చక్రమును వాడవలదని నా మనవి. నేను తెలిసి చెప్పుచున్నాను. పదునైదేండ్ల క్రిందట, ఆయుధ పూజకు మెరిపించవలెనని, మా నాయనగారి మచ్చుకత్తిని చక్రముమీద పెట్టితిని. అంచు నీలిరంగు తిరిగెను. ఉక్కు సుమారు 300 డిగ్రీలకు వేడెక్కినచో ఆ రంగు వచ్చును. కమ్మరి ఇచ్చిన గట్టిదనము పోవును. మరునాడు ఒక కొబ్బరికాయ నరుకగానే అంచు మడతపడెను. చక్రము తప్పనిసరియైనచో, రెండు మూడు క్షణములకొకమారు కత్తిని నీటిలో ముంచుచు, చేతికి వెచ్చదనము తెలియకమునుపే ఆపవలెను.

పిడి

అదే దినమున మరొక తప్పు చేసితిని. పిడిని గరుకు కాగితముతో నున్నగా రుద్దితిని. పూజ అయిన తరువాత మా అమ్మ ఆ కత్తిని చేతిలోనికి తీసికొని, బొటనవేలితో పిడిని తడిమి, "గీతలేవిరా బాబూ?" అని అడిగెను. లైనుఇండ్లలో అందరి కత్తులును ఒకే తీరువి. కావున మా నాయన తన కత్తికి మూడు గీతలు కోసికొనెనట. ఆ గీతలను నేనే చెరిపితిని. నాకు సమాధానము లేకపోయెను. ఆ పిడి నేటికిని నున్నగానే ఉన్నది. కొత్తగా గీతలు కోయుటకు నాకు మనస్సు రాలేదు.

కావున పిడిని గరుకు కాగితముతో రుద్దరాదు. తడి పిండిన గుడ్డతో మురికి తీసి, ఆరనిచ్చి, మరిగించిన అవిసె నూనెను పలుచగా రెండు మూడు పూతలు పూసిన చాలును. ఆ నూనె అంటిన గుడ్డలను ఉండగా చుట్టి పడవేయరాదు. అవి తమంతట తామే అంటుకొనును. నీటిలో తడిపి, ఆరుబయట పరచి ఆరవేయవలెను. పిడి వదులైనచో లక్క కరిగించి నింపుట పాత పద్ధతి. అప్పుడు కత్తి అంచుకు తడిగుడ్డ చుట్టి, పిడిలో దూరు కొనను మాత్రమే వేడిచేయవలెను. పిడి పూర్తిగా చీలినచో కొత్తది వేయవచ్చును. పాతదానిని పారవేయక చీటీ కట్టి దాచవలెను.

దాచుట

ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. తోలు ఒరలో ఉంచిన కత్తి తేమ పట్టి తుప్పుపట్టును. నూనె గుడ్డలో చుట్టి, గాలి తగులు చోట, పిల్లలకు అందకుండ ఉంచవలెను. ఆయుధ పూజలో పెట్టిన పసుపు, కుంకుమల తడిని పూజానంతరము తుడిచి, మరల నూనె పూయవలెను. మరచినచో బొట్టు పెట్టిన చోటనే తుప్పు మొదలగును.

చివరగా ఒక చీటీ వ్రాయవలెను: ఎవరి కత్తి, ఏ తోట, ఏ పని, ఇంటిలో దానిని ఏ పేరుతో పిలిచిరి. తెలుగు అక్షరములు కొత్తగా నేర్చినవారు ఈ చీటీని తమ చేతితోనే వ్రాయుదురు గాక. తప్పులున్నను పరవాలేదు, పెద్దలకు చదివి వినిపించినచో వారు దిద్దుదురు, మరచిన మరికొన్ని పేర్లను కూడ చెప్పుదురు.