ఆంటికిథెరా సముద్రగర్భమున

శ్రోతలు గ్రీసుదేశపు పటము తీసి చూచినచో, క్రీటు ద్వీపమునకును కిథెరా ద్వీపమునకును నడుమ చిన్న చుక్క యొకటి కనబడును. అదియే ఆంటికిథెరా. అచ్చటికి పడవమీదనే పోవలెను. ఆ పేరెత్తగానే పండితులు పురాతన గ్రహగణిత యంత్రమును తలచుకొందురు. దానిని పైకి తెచ్చిన చేతులను తలచుకొనువారు తక్కువ.

1900వ సంవత్సరమున సిమి ద్వీపమునుండి స్పంజీలు తీయుటకు బయలుదేరిన పడవవారు గాలివానకు వెరచి అచ్చట లంగరు వేసిరి. వారి నాయకుడు దిమిత్రియోస్ కొందోస్. ఎలియాస్ స్తాదియాతిస్ అనువాడు తలకు రాగి టోపీ, ఒంటికి కాన్వాసు ఉడుపు తొడిగి నీట దిగెను. కొంతసేపటికే పైకి వచ్చి, అడుగున మనుష్యుల శవములు, గుఱ్ఱముల కళేబరములు కుప్పలుగా పడియున్నవని వణకుచు చెప్పెను. లోతున గాలి తలకెక్కి పలవరించుచున్నాడని నాయకుడు తలచెనందురు. తానే దిగి చూచి, ఒక కంచు చేయి పట్టుకొని వచ్చెను. అవి క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దిలో మునిగిన ఓడలోని విగ్రహములు!

ఆ యేటి నవంబరునుండి 1901 వరకు, గ్రీకు నౌకాదళపు సాయముతో, ఆ స్పంజీలవారే వానిని వెలికి తీసిరి. లోతు సుమారు 50 మీటర్లు. అనగా రెండు తాడిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపినంత. పీల్చిన గాలిలోని నత్రజని అచ్చటి ఒత్తిడికి రక్తమున కరగును. మనిషి త్వరపడి పైకి వచ్చెనా, గోలీసోడా కొట్టినట్లు బుడగలై పొంగి కీళ్లను, నరములను పట్టును. ఒకడు మరణించెను, ఇద్దరు అవిటివారైరి. ఈ బుడగల రహస్యమును పాల్ బేర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1878లోనే గ్రంథస్థము చేసియుండెను. గ్రంథము పారిసులో, ప్రాణము పడవలో! ఏ లోతునుండి ఎచ్చటెచ్చట ఆగుచు పైకి రావలెనో తెలుపు పట్టికలను హాల్డేను ప్రభృతులు బ్రిటనులో ప్రకటించునప్పటికి 1908 వచ్చెను.

1902లో వలేరియోస్ స్తాయిస్ ఏథెన్సు మ్యూజియమునందలి కంచుముద్ద యొకదానిలో పండ్లచక్రమును గుర్తించెను. సూర్యచంద్రుల గతులను, గ్రహణములను లెక్కించు యంత్రమది. దానినిగూర్చి గ్రంథములు పెక్కు కలవు గనుక ఇంతతో విడుతును.

1943లో కూస్తో, గన్యా అను ఫ్రెంచివారు వీపున గాలిసీసా కట్టుకొని, పీల్చినప్పుడు మాత్రమే గాలి వచ్చు సాధనమును సిద్ధపరచిరి. పడవనుండి గొట్టముతో పని లేకపోయెను. కూస్తో 1953లో ఆంటికిథెరాకు వచ్చి మునిగి చూచెను. 1976లో మరల వచ్చి నాణెములు మొదలగునవి తీయించెను. మనిషి చేపవలె తిరుగ నేర్చెను గాని, నత్రజని తన నియమమును సడలింపలేదు. గడియారము చూచుకొనుచు, ఆగి ఆగి పైకి రావలసినదే. స్పంజీలవారికి లేని పట్టిక వీరి కున్నది. తేడా అంతయు అదియే.

2016లో అచ్చట మునిగిన పరిశోధకులకు ఇసుకలో మనుష్యుని కపాలపు ముక్కలు, కాలుచేతుల యెముకలు దొరకెను. స్తాదియాతిస్ చూచినవి విగ్రహములే. అయినను, శవములున్నవని అతడు చెప్పిన మాట పూర్తిగా అబద్ధము కాలేదు.